ఫలం చూడని దానం

స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లోని మా సాయంకాలపు తెలుగు తరగతిలో మొన్న దానం గురించి మాట్లాడుకున్నాము. చివరికి ఒక ప్రశ్న మిగిలింది. చేతనున్న కొద్ది సొమ్మును కంటిశుక్లం ఆపరేషన్లకు ఇవ్వాలా, మందు లేని రెటీనా వ్యాధుల పరిశోధనకు ఇవ్వాలా?

మొదటిదే మేలని తొలుత మాకు తోచింది. శుక్లం తీసిన కొద్ది రోజులకే అవ్వ మనుమడి ముఖం చూస్తుంది. దాతకూ తృప్తి. పరిశోధనకిచ్చిన సొమ్ము ఎవరి కంటికి వెలుగైనదో ఎన్నటికీ తెలియకపోవచ్చు.

అయితే పసితనంలోనే చూపును హరించే రెటీనా వ్యాధిలో ఒక రకానికి ఆర్‌పీఈ65 అనే జన్యువులోని లోపం కారణమని 1997లో తేలింది. దానికి జన్యుచికిత్స అమెరికాలో అనుమతి పొందినది 2017లో, ఆస్ట్రేలియాలో 2020లో. నడుమ ఇరవై ఏండ్లు విరాళమిచ్చినవారు ఫలం చూడకుండానే ఇచ్చారు.

1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థ ఈ రెంటినీ విడదీయలేదు. పేదలకు ఉచితంగా ఆపరేషన్లు చేస్తూనే వంశపారంపర్య రెటీనా వ్యాధుల మూలాలను వెదకుతున్నది. ఆ వెదకులాటకు రోగుల కుటుంబాలు తమ నెత్తురునే ఇచ్చాయి. మేనరికాలు గల వంశాలలో ఇటువంటి వ్యాధుల భయం హెచ్చు గనుక, ఇది మనకు పరాయి మాట కాదు.

ఫలం కనబడే చోటనే అందరమూ ఇస్తే, మందు లేనివారు ఎప్పటికీ మందు లేనివారుగానే మిగులుతారు. అందుచేత పెద్ద పాలు ఆపరేషన్లకు, ఏటేటా కొంత తప్పక పరిశోధనకు అని నిశ్చయించుకున్నాము. ఫలాపేక్ష లేక ఇవ్వమని గుడిలో వింటూనే ఉన్నాము. ఆ మాటను ఆచరించవలసిన చోటు ఇదే.