ఓడలో మన వంతు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వాసులమైన మనకు సముద్రం దూరం. పెన్నలో సైతం ఏడాదిలో చాలా నెలలు ఇసుకే కనిపిస్తుంది. అయినా విలాస నౌకల ప్రస్తావన ఇప్పుడు మన ఇళ్లలోనూ వినిపిస్తోంది. 2022 జూన్‌లో ‘ఎంప్రెస్’ అనే విహార నౌక విశాఖపట్నం నుంచి ప్రయాణికులను తీసుకెళ్లింది. అందులో 11 అంతస్తులు. ఈతకొలను, రంగస్థలం, భోజనశాలలు, పిల్లల ఆటస్థలం. వాటితోపాటు మద్యశాల, జూదశాల. 2023లో ఇలాంటి నౌకల కోసం విశాఖలో ప్రత్యేక టెర్మినల్ కూడా ప్రారంభమైంది.

“హలాల్ సంపాదనతో విహరిస్తే తప్పేమిటి?” అన్నది ప్రశ్న.

విహారం తప్పు కాదు. సముద్రాన్ని మానవునికి వశపరచి, అందులో ఓడలు నడిచేలా చేయడం అల్లాహ్ అనుగ్రహమని దివ్యఖుర్ఆన్ (45:12) గుర్తుచేస్తోంది. అయితే మద్యాన్ని, జూదాన్ని షైతాను పనులుగా పేర్కొని (5:90), దుబారాను సైతం గట్టిగా ఖండిస్తోంది (17:26-27). కనుక జూదశాల గడప తొక్కనివాడు ఒక పరీక్షలో నెగ్గినట్లే. కాని ఇంకొకటి మిగిలి ఉంది. “నా డబ్బు, నా ఇష్టం” అనే మాటలోనే ఆ పరీక్ష దాగి ఉంది.

నుమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు బుఖారీ గ్రంథంలో ఉంది. కొందరు చీట్లు వేసుకుని ఓడలో పై అంతస్తు, కింది అంతస్తు పంచుకున్నారు. కిందివారికి నీళ్లు కావాలంటే పైకి రావాలి. పైవారిని ఇబ్బంది పెట్టడమెందుకని వారు తమ వంతు భాగంలోనే రంధ్రం చేయాలనుకున్నారు. పైవారు చూస్తూ ఊరుకుంటే అందరూ మునుగుతారు. చేయి పట్టుకుని ఆపితే అందరూ బతుకుతారు.

“మా వంతు” అన్నది వారి వాదన. “నా డబ్బు” అన్నది మన వాదన. రెండింటికీ తేడా ఏముంది? పైగా వారిని రంధ్రం దాకా తెచ్చింది దాహమే కదా! మన వీధిలో పొట్టకూటికై కువైట్ వెళ్లినవారి పిల్లలున్నారు, ఫీజు కట్టలేని అనాథలున్నారు. వారి దాహం మనకు తెలియకపోతే మనం పై అంతస్తులో నిద్రపోతున్నట్లే.

1995 వరకు బొంబాయి నుంచి జిద్దాకు హజ్ ఓడలు నడిచేవి. హాజీలు ప్రయాణానికి ముందు అప్పులు తీర్చేవారు, ఇరుగుపొరుగును మన్నించమని అడిగేవారు. విహార నౌక టికెట్టు కొనే ముందు మనమూ లెక్క చూసుకుందాం: జకాత్ చెల్లించామా? ఆస్తిలో అక్కచెల్లెళ్ల వాటా ఇచ్చామా? పనివారి కూలి బాకీ లేదు కదా? ఈ లెక్క తేలాక చేసే ప్రయాణంలో అల్లాహ్ సూచనలు కనిపిస్తాయి. తేలకుంటే కనిపించేవి అలలే.

అల్లాహ్ మనందరికీ ఆ లెక్క ఇక్కడే సరిచూసుకునే భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.