భోగమును ఎఱుకయును

పెన్న యిసుకయై పరచియుండు వేసవిలో తాడిపత్రివారు నౌకావిహారమును గూర్చి మాటలాడుట పరిహాసముగ దోచవచ్చును. అయినను మా యింట నా మాట వచ్చినది. ఉద్యోగమున జేరిన మా పెద్దమ్మాయి తన జీతముతో మమ్ము విహారనౌక యెక్కింతు ననెను. ‘‘మనకిది తగునా?’’ యని నా భార్య నన్నడిగెను. వెంటనే బదులు చెప్పలేకపోయితిని.

పూర్వులకీ చిక్కు లేదు. సముద్రయానమును కలివర్జ్యములలో జేర్చి, దాటివచ్చినవానిని పంక్తినుండి వెలివేసిరి. సంస్కర్తలా కట్టును త్రెంచిరి. ఉప్పునీటిచే శీలము కరగిపోదని నేడందఱ మెఱుగుదుము. కాని నిషేధము తొలగినంతనే విచారణయు దొలగవలెనా?

2022 జూనులో ఎంప్రెస్ అను విహారనౌక విశాఖపట్టణమున బ్రయాణికుల నెక్కించుకొన్నది. 1990లో నిర్మింపబడిన యా నౌకకు 11 అంతస్తులు, సుమారు 800 గదులు. ఈతకొలను, నాటకశాల, భోజనశాలలు, జూదశాల యన్నియు గలవు. జూదము వలదనువాడు దానిజోలికి బోకుండిన జాలును. అది గొప్ప ధర్మసందేహము గాదు. నన్నాలోచింపజేసినది స్నానపుగదిలోని మంచినీటి కొళాయి.

చుట్టును సముద్రమే యైనను అందు త్రాగదగిన చుక్క లేదు. రేవులో నింపుకొన్నది చాలనప్పుడు సముద్రజలమును మఱగించి యావిరిని జల్లార్చియో, సన్నని పొరలగుండ నొత్తియో మంచినీరు చేయుదురు. అందుకు ఇంధనము కావలెను. రేయింబవళ్లు కనిపెట్టు మనుష్యులు కావలెను. కావున నౌకయు నొక కరవుసీమయే. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో గడపుకొను మన జిల్లావలె నదియు నీటిని లెక్కించుకొనియే బ్రదుకును. భేద మొక్కటే: ఇచట బిందె మోయు నిల్లాలికి నీటి వెల తెలియును, అచట క్రిందనున్న యంత్రశాలవారికి దెలియును. పైనున్న యతిథికి దెలియకుండ జేయుటయే యచటి సేవానైపుణ్యము.

సుఖపడుట దోషము గాదు. ఈ కరవుసీమలోనే పెన్నయొడ్డున బుగ్గరామలింగేశ్వరాలయమును, ఊరిలో చింతల వేంకటరమణస్వామి యాలయమును అంత శిల్పసంపదతో నిల్పిరి. ఎండిన నేలకు సౌందర్యము తగదని వారనుకొనలేదు. దోషము మఱపులో నున్నది. ఒకరి శ్రమచే గలిగిన సుఖము తనంత దాను గలిగినదని తలచినప్పుడే భోగము మదమగును.

ఎఱిగినంతమాత్రమున పనివాని శ్రమ తగ్గునా యని యడుగుదురేమో. తగ్గదు. కాని యెఱిగినవాడు కొళాయిని వృథాగ విడువడు, విస్తరిలో నన్నము పాఱవేయడు, పక్క సవరించినవానిని పేరుపెట్టి మర్యాదతో బిలుచును. వాని జీతమెంత, విశ్రాంతి యెంత యనియు నడుగును. అడుగువారు లేనిచోట న్యాయము తనంత దాను రాదు.

‘‘పోదము’’ అని నా భార్యతో జెప్పితిని. ఇరువదియైదేండ్లు బిందె మోసిన యామెకు సముద్రమును జూడ హక్కున్నది. అచటి కొళాయిని కట్టవలెనని మాత్ర మామెకు నేను నేర్పనక్కఱలేదు.