జింకకో విస్తరి

కాళిదాసు శకుంతల గుప్పెళ్లతో చామలు పెట్టి ఒక జింకపిల్లని సాకింది. ఆమె అత్తవారింటికి బయల్దేరుతూంటే ఆ జింకే వెనకనుంచి చీరచెంగు పట్టుకుని లాగింది. ఆ ఘట్టం దగ్గర కంట తడి పెట్టని ఆడది వుంటుందనుకోను. కానీ అదే నాటకం మొదలయ్యేది దుష్యంతుడు విల్లు పట్టుకుని జింకను తరమటంతో! బాణం ఎక్కుపెట్టేసరికి మునులు అడ్డం వచ్చి, ఇది ఆశ్రమంలో జింక, చంపకూడదన్నారు. రాజు బాణం దించేశాడు. సరే, సంతోషం. మరి ఆశ్రమం హద్దు అవతలున్న జింక మాటేమిటి? దానికెవరూ చామలు పెట్టలేదు గనక దాన్ని కొట్టవచ్చుననేగా?

నాకింకో సందేహం కూడా వుంది. కణ్వాశ్రమం చుట్టుపక్కల పొలం దున్నుకుని బతికేవాళ్లు ఎవరైనా వుండేవారా? వుంటే ఆ జింకల గురించి వాళ్లేమనుకునేవారు? కాళిదాసు ఆ సంగతి ఎక్కడా చెప్పలేదు.

ఒక ప్రాణికి తిండి పెడితే దానిమీద మనకేమైనా హక్కు వస్తుందా, లేక మనమీదే దానికి హక్కు వస్తుందా అన్నది పాత ప్రశ్నే. ఈ మధ్య ఒక ఫోను మూలంగా అది నాకు కొత్తగా తగులుకుంది.

మా ఆడపడుచు కొడుకు అమెరికాలో, పెన్సిల్వేనియాలో, వూరికి దూరంగా ఆరెకరాల స్థలంతో సహా ఇల్లు కొన్నాడు. వెనక అంతా అడవి. అక్కడివాళ్లు జింకల కోసమే ప్రత్యేకంగా పంట వేస్తారుట. ఫుడ్ ప్లాట్ అంటారు దాన్ని. మనం మేతమడి అందాం. ఇదేదో నాలుగు గింజలు విసిరేసి చేతులు దులుపుకునే వ్యవహారం అనుకునేరు! ముందు మట్టి పరీక్ష చేయించాలి. పులుపు ఎక్కువైతే సున్నం చల్లాలి. దున్నాలి. ఎండాకాలం మేతకి క్లోవర్ అనే మూడాకుల మొక్క, చలికాలానికి ఓట్సు, టర్నిప్పు. మంచు పడ్డాక టర్నిప్పు తియ్యబడుతుందిట, అప్పుడు ఇష్టంగా తింటాయిట. అన్నిటికన్నా తమాషా ఏమిటంటే, ఏ జింకల కోసం వేశారో ఆ జింకలే రాకుండా మొదట్లో కంచె కట్టాలి. మొలక మీదే మేసేస్తే ఇంక మడెక్కడిది? పిల్లలకని చేసిన జంతికలు పండగదాకా అటకమీద దాచటం లాంటిదన్నమాట. మొక్క తట్టుకునేంత అయ్యాక కంచె తీసేస్తారు. మడి మధ్యలో మాత్రం చిన్న తీగబుట్ట ఒకటి బోర్లించి వుంచుతారు. బుట్టలోపలి మొక్క ఎత్తూ, బయటి మొక్క ఎత్తూ పోల్చి చూస్తే అతిథులు ఎంత తిన్నారో లెక్క తెలిసిపోతుంది.

ఈ విద్యంతా మావాడికి నేర్పింది పక్కింటి ముసలాయన. ట్రాక్టరు ఆయనదే, విత్తనాలూ ఆయనవే. పైసా పుచ్చుకోలేదు. తీరా నవంబరు చివర వేట రోజులు దగ్గరపడ్డాక, "మీ మడి పక్క చెట్టుమీద తుపాకీ పట్టుకుని కూర్చుంటాను, అభ్యంతరం లేదుగా?" అని అడిగాడు.

"అత్తయ్యా, ఆయన లేకపోతే ఆ మడే లేదు. వద్దని ఎట్లా అనను? ఊ అంటే నేనే పిలిచి, కూచోబెట్టి, చంపించినట్టు కాదూ?" అన్నాడు మావాడు. గొంతులో నిజమైన బాధ.

అక్కడి చట్టం ఇంకా విడ్డూరం. చాలాచోట్ల, ఆ రాష్ట్రంలో కూడా దాదాపు అంతటా, మొక్కజొన్న గింజలు కుప్పపోసి వాటికోసం వచ్చిన జింకని కొడితే నేరం. నాటి పెంచిన మేతకి వచ్చిన జింకని కొడితే నేరం కాదు. విస్తట్లో వడ్డిస్తే తప్పు, పెరట్లో పండిస్తే ఒప్పు! నాకు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఆ తేడాలో కొంత అర్థం లేకపోలేదనిపించింది. కుప్ప దగ్గర మూతులన్నీ ఒకచోట చేరతాయి, రోగం ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటుంది. మడిలో అయితే విడివిడిగా మేస్తాయి. కానీ చచ్చే జింకకి ఈ తేడాతో పనేమిటి, మీరే చెప్పండి.

ముసలాయన్ని కసాయివాడని తేల్చేద్దామంటే అదీ వీల్లేకపోయింది. 1900 నాటికి అమెరికాలో ఆ తెల్లతోక జింకలు అయిదు లక్షలకి మించి లేవుట. అమ్మకం కోసం ఎడాపెడా వేటాడి అంత పని చేశారు. ఇప్పుడు సుమారు మూడు కోట్లు! వేటకి కట్టుదిట్టాలు పెట్టారు. 1937లో తుపాకుల మీదా తూటాల మీదా వచ్చే పన్నుని వన్యప్రాణులకే ఖర్చుపెట్టాలని చట్టం చేశారు. అంటే ఆ జింకల్ని మళ్లీ బతికించిన డబ్బులో పెద్దవాటా వేటగాళ్లదే. పైగా ఆ ముసలాయన మావాడితో ఒక మాట అన్నాడుట: "నేను తినే జింక ఆ క్షణందాకా ఎండలో, గాలిలో, దాని ఇష్టం వచ్చినట్టు తిరిగింది. మీరు తినే కోడి సంగతి చెప్పు."

బ్రాయిలరు కోడి ఆరువారాలు బతుకుతుంది, అదీ షెడ్డులో. ఆదివారాలు మా ఇంట్లో కోడి వండుతారు. అందుకని ఆ మాటకి నేను జవాబు చెప్పబోలేదు.

అయినా మేత పెట్టేవాడి మనసులో రెండో ఆలోచన వుండటం అమెరికాలోనే కాదు. మన కవ్వాల్ పులుల అభయారణ్యంలో అటవీశాఖవారు జింకలూ దుప్పులూ పెరగాలని గడ్డి క్షేత్రాలు పెంచుతున్నారు. పిచ్చిమొక్కలు పీకించి, మేలురకం గడ్డి వేసి, పక్కనే నీటితొట్టి కట్టి ఎంతో శ్రద్ధగా చూస్తారు. జింకలెందుకు పెరగాలి? పులికి తిండి కావాలి గనక! దీన్ని మనం పుణ్యకార్యం అంటాం, నేనూ అంటాను. పులి తినటం ప్రకృతి, ముసలాయన తినటం హింస అని మనసు ఠక్కున తీర్పు చెబుతుంది. పులికి వేరే దారి లేదు, ముసలాయనకి బజారుంది అన్నది ఆ తీర్పు వెనక వున్న న్యాయం. అది గట్టి న్యాయమే. కానీ బజారులో దొరికేది కూడా ఒక ప్రాణమే అయినప్పుడు అదెంత గట్టిదో నాకు తెలియటం లేదు.

ఏ లాభమూ చూసుకోకుండా ఉత్త దయతో పెట్టేవాళ్లూ వున్నారు. వాళ్లవల్ల జింకలు బతుకుతాయా అంటే, చావటమూ వుంది. చలికాలంలో అడవిలో చిగుళ్లూ బెరడూ తిని బతికే జింక ముందు జాలిపడి బస్తాడు మొక్కజొన్న పోస్తే దాని కడుపు తట్టుకోలేదు. లోపల పులిసిపోయి, నిండు కడుపుతో చచ్చిపోతుంది. జపానులో నారా అనే వూళ్లో జింకలు వీధుల్లో తిరుగుతాయి, యాత్రికులు వాటికి బిస్కట్లు కొనిపెడతారు. 2019లో అక్కడ చచ్చిపోయిన జింకల కడుపులు కోసి చూస్తే ప్లాస్టిక్ సంచుల ముద్దలు బయటపడ్డాయి. ఒకదాని కడుపులో నాలుగు కిలోల పైచిలుకు! మనవాళ్లకి ఈ జాగ్రత్త పాతదే. వానలు లేక గిడసబారిన లేతజొన్న పశువు మేస్తే నాము తగిలి గంటల్లో పడిపోతుందని మెదక్ జిల్లాలో పశువులు కాసే కుర్రవాడికి కూడా తెలుసు. పెట్టే చేతికి ప్రేమతో పాటు ఆ తెలివీ వుండాలి మరి.

2014లో తెలంగాణ ప్రభుత్వం జింకని రాష్ట్ర జంతువుగా ప్రకటించింది. జమ్మిని రాష్ట్ర వృక్షం చేసింది. మాకు జింకల్ని చూడాలనిపిస్తే పిల్లల్ని తీసుకుని పోచారం వెళతాం. నిజాం ప్రభువుల వేటస్థలం 1952లో అభయారణ్యం అయింది. అక్కడ జింకల పెంపకకేంద్రం వుంది. కంచె అవతలనుంచి చూసి, ఫొటోలు తీసుకుని, పులిహోర తిని వచ్చేస్తాం. దీన్నే మనం జింకలంటే ప్రేమ అనుకుంటాం.

పటాన్‌చెరు రోడ్డు పక్క సాయంత్రాలు జొన్నరొట్టెలు చేసి అమ్మే ఒకామె వుంది. నారాయణఖేడ్ వైపు మనిషి. అక్కడ మూడెకరాల చేనుంది. విత్తనాలప్పుడూ కోతలప్పుడూ వెళ్లివస్తుంది. మావాడి మేతమడి సంగతి చెబితే రొట్టె తిప్పటం ఆపి నా మొహంకేసి చూసింది.

"జింకలకని పంటేస్తరా? గదేందమ్మా, మేమెయ్యకున్నా మాది గదే అయితుంది" అంది.

కంది మొలకెత్తగానే జింకలు మందలుగా వచ్చి చిగుళ్లు నమిలిపోతాయిట. రాత్రయితే అడవిపందుల వంతు. కృష్ణజింక మీద చెయ్యి వేస్తే 1972 చట్టం ప్రకారం జైలు. ఆమెకది బాగా తెలుసు. "ముట్టుకుంటే కేసయితది" అంది, అంతకన్నా వివరం అవసరం లేనట్టు. పరిహారం ఇచ్చే పద్ధతి వుంది. దానికి దరఖాస్తు, ఫొటో, వచ్చి చూసే మనిషి కావాలి. జింక తిన్న మొలకకి ఫొటోలో ఏం కనబడుతుంది? ఉత్త మట్టి!

చేనుచుట్టూ పాతచీరలు కట్టింది. మా నుంచి కూడా నాలుగు పట్టుకెళ్లింది. నూలు చీరలు వద్దంది. వానకి కుళ్లిపోతాయిట, పాలిస్టరువైతే రెండేళ్లు వుంటాయిట. గాలికి రంగుచెంగులు ఆడుతూంటే జంతువులు మనిషనుకుని బెదురుతాయని ఆశ. పదిరోజులు బెదిరాయిట, తర్వాత వాటి కింద దూరి వచ్చాయిట. శకుంతల చీరచెంగు పట్టుకున్న జింక, ఈ చెంగుల కింద దూరిన జింక ఒకే జాతివి. చుట్టూ కుసుమ కూడా వేసింది, ముళ్లుంటాయని. కరెంటు తీగ పెట్టమని ఎవరో సలహా ఇస్తే మాత్రం ఒప్పుకోలేదు. "పందికని పెడితే మనిషి పోతడు. నా కొడుకే నీళ్లు కట్టబోతడు రాత్రిపూట" అంది. తీగ పెట్టేవాళ్లున్నారు, మనుషులు పోతూనే వున్నారు.

ఇక్కడ నాకు పెద్ద చిక్కొచ్చింది. జింకని కాపాడాలనే మాటలో నాకే అనుమానమూ లేదు. అయితే ఆ దయ నాది, దాని ఖర్చు ఆమెది. నేను నాలుగు పాతచీరలిచ్చి పుణ్యంలో వాటా కొట్టేస్తున్నాను. దానం అంటే ఇచ్చేవాడికి ఇవ్వనని అనే వీలుండాలిగా? ఆమెకా వీలు లేదు. మా మేనల్లుడు మడి వేశాడు, వేయకపోయినా ఎవరూ అడగరు. అందుకని అది పెట్టటం. ఈమె దగ్గర తీసుకుంటున్నాం. తీసుకున్నదాన్ని పెట్టటం అని పిలుస్తున్నాం.

ఒరిస్సాలో, మన శ్రీకాకుళానికి దగ్గర్లోనే, గంజాం జిల్లా భేటనయి ప్రాంతంలో కృష్ణజింకలు పొలాల్లోకి వస్తే శుభమని రైతుల నమ్మకం. తరతరాలుగా తరమకుండా మేయనిస్తున్నారు. రాజస్థాన్‌లో బిష్ణోయీలు అంతకన్నా మించిపోయారు. 1730లో ఖేజర్లీ గ్రామంలో చెట్లు కొట్టనివ్వకుండా 363 మంది ప్రాణాలిచ్చారు. ఆ చెట్టు మన జమ్మిచెట్టే! నమ్మకం వున్నచోట నష్టం మొక్కుబడి అయిపోతుంది. ఆ నమ్మకం వాళ్లంతట వాళ్లకి వుండబట్టి అది గొప్ప. నారాయణఖేడ్ ఆమె దగ్గరికి వెళ్లి నువ్వూ అట్లా వుండరాదా అని చెప్పటానికి మాత్రం నోరు రాదు. ఆమె అప్పులో వున్నది.

మడి వెయ్యకుండానే మేం ఇక్కడ వడ్డించింది ఇంకోటుంది. 1970ల నుంచి పటాన్‌చెరు చుట్టూ కంపెనీలొచ్చాయి, వాటి మురుగు నక్కవాగులోకి, అక్కణ్ణుంచి మంజీరలోకి పారింది. 2007లో అచ్చయిన పరిశోధన ఒకటి, ఇక్కడి శుద్ధికేంద్రం దాటి బయటికొచ్చిన నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ మందు లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా వుందని లెక్కతేల్చింది. ఆ మందు వేసుకునే రోగి రక్తంలో కూడా అంత వుండదు. ఆ వాగు ఒడ్డున గేదెలు మేశాయి, మేకలు తాగాయి. వాటికి ఎవరూ కంచె కట్టలేదు.

ఇంతకీ మావాడు ముసలాయనకి వద్దనే చెప్పాడు. నేనేమీ సలహా ఇవ్వలేదు. "నా మడి దగ్గర కాకుండా మీ అడవిలో మీ ఇష్టం" అన్నాడుట. ఆయన ఏమీ అనుకోలేదుట. కానీ చలికాలం వెళ్లాక జింకలు ఈ మడి రుచి మరిగి, ఆయన కూరగాయల తోట కూడా చదును చేసేశాయి. ముసలాయన బిల్లు పట్టుకొచ్చి తోటకి కట్టే కంచెలో సగం ఖర్చు నువ్వు పెట్టుకోవాలన్నాడు. మావాడు గొణిగినా ఇచ్చాడు. జింకల్ని అలవాటు చేసింది తనేగా.

నారాయణఖేడ్ చేనుకి సౌరవిద్యుత్తు కంచె వేస్తే ఎంతవుతుందో కనుక్కున్నాను. ఆమెకు రెండేళ్ల పంట డబ్బు. సగం ఎవరిస్తారని ఆమె అడగలేదు, అట్లా అడగవచ్చని కూడా ఆమెకి తోచలేదు. ఈసారి కంది మానేసి పత్తి పెడతానంటోంది. పత్తి మొలకల్ని కూడా వదలవని పక్కచేను ఆయన చెప్పాడుట.