దయ్యం నవ్విస్తే తప్పా?

“చచ్చినవాళ్ళమీద పరాచికాలేమిటండీ!” అంటారు కొందరు. ఇంగ్లీషు కవి థామస్ హుడ్ 1827లో ప్రచురించిన ‘మేరీస్ ఘోస్ట్’ విన్నా అదే అంటారు. అందులో దొంగలు సమాధి తవ్వి శవాన్ని ఎత్తుకుపోతే, ఆ పిల్ల దయ్యమై ప్రియుడి దగ్గరికొస్తుంది. పాణిగ్రహణానికి ఇస్తానన్న చెయ్యి డాక్టరుగారి సీసాలో ఊరుతోందని వాపోతుంది. నాకైతే నవ్వాగలేదు.

కానీ ఆ వేళాకోళం వెనక నిజముంది. ఆ రోజుల్లో వైద్యవిద్యార్థులు కోసి నేర్చుకోడానికి శవాలు చాలక, దొంగలు నిజంగానే సమాధులు తవ్వి అమ్ముకునేవారు. 1832లో చట్టమొచ్చి ఆ దొంగతనం తగ్గింది. బదులుగా, అడిగే దిక్కులేని బీదల శవాలు కోతబల్ల ఎక్కాయి. మేరీకి దయ్యమయ్యాకైనా చెప్పుకునే నోరుంది. వాళ్ళకి అదీ లేదు.

దయ్యం మాటలకి నవ్వడం తప్పంటారా? నేననను. నవ్వాక వాళ్ళు గుర్తురాకపోతేనే తప్పు.