ఉద్యోగం ఇవ్వడం కూడా అమానతే



ఇటీవల ఒక యువ సోదరుడు మా వద్దకు వచ్చాడు. నలుగురితో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టుకున్నాడు. ఐదో మనిషి కోసం ఇంటర్వ్యూలు చేస్తున్నాడు. “మౌలానా! బాగా మాట్లాడినవాడిని తీసుకుంటే పని జరగలేదు. మంచివాడిని గుర్తించడం ఎలా?” అని అడిగాడు. మేము అతనికి దివ్య ఖుర్ఆన్ ఖసస్ సూరాలోని మద్‌యన్ వృత్తాంతాన్ని గుర్తుచేశాము.

హజ్రత్ మూసా (అలైహిస్సలాం) పరదేశిగా మద్‌యన్ చేరారు. నీటి వద్ద కాపరుల రద్దీ. ఇద్దరు స్త్రీలు తమ మందను ఆపుకొని ఓ పక్కన నిలబడి ఉన్నారు. ఆయన ఆ మందకు నీళ్లు పెట్టి, ప్రతిఫలం అడగకుండా నీడకు వెళ్లిపోయారు. తర్వాత వారిలో ఒకామె, ఆయనను పనిలో పెట్టుకోమని తండ్రికి చెప్పింది. ఆమె చూపిన గుణాలు రెండే: బలం, నిజాయితీ.

కాస్త ఆలోచించండి! ఆ రెండూ మాటల్లో విన్నవి కావు, పనిలో చూసినవి. కనుక అభ్యర్థి చేత గొప్పలు చెప్పించకండి. మీ దగ్గర రోజూ జరిగే పనిలో నుంచే చిన్న పని ఒకటి ఇచ్చి చూడండి. అందరికీ అవే ప్రశ్నలు వేయండి. ఇంగ్లీషులో తడబడ్డాడని పల్లె బిడ్డను చిన్నచూపు చూడకండి. లోగడ అతనితో పనిచేసినవారిని, అతని అనుమతితో, విచారించండి. చుట్టరికం అర్హత కాదు. హజ్రత్ అబూజర్ (రజి) పదవి కోరినప్పుడు, అది అమానతు అనీ, ఆయన దానికి బలహీనులనీ దైవప్రవక్త (స) దాపరికం లేకుండా చెప్పారు.

మరి ఆ తండ్రి ఏం చేశారు? గడువు ఎనిమిదేళ్లనీ, పదేళ్లు పూర్తిచేస్తే అది మూసా (అ) ఇష్టమనీ, తాను కష్టపెట్టదలచుకోలేదనీ ముందే విప్పి చెప్పారు.

మేము ఆ సోదరుణ్ణి అడిగాము: “నీ దగ్గర ఎన్ని నెలల జీతాలకు డబ్బుంది?”

“ఆరు నెలలకు.”

“వచ్చేవారికి ఆ సంగతి చెబుతున్నావా?”

అతను తల దించుకున్నాడు.

సోదరులారా! దైవప్రవక్త (స) ఒకసారి ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలింది. ప్రజలకు కనబడేలా దాన్ని పైన ఎందుకు ఉంచలేదని వ్యాపారిని నిలదీశారు. మోసగించేవాడితో తమకు సంబంధం లేదన్నారు. స్థిరమైన కొలువు వదిలి మీ వద్దకు వచ్చేవాని వెనుక ఆలుబిడ్డలుంటారు. మీ రాశిలో తడి ఎక్కడుందో ముందే చూపండి. ఆపై వచ్చేదీ మానేదీ అతని ఇష్టం. తీసుకోనివారికి కూడా ఆ మాట మర్యాదగా, త్వరగా చెప్పేయండి.

ఇంటర్వ్యూ గదిలో ప్రశ్నలు వేసేది మనమే. ప్రళయదినాన ఆ గది గురించి జవాబు చెప్పుకోవలసిందీ మనమే. అల్లాహ్ మనకు న్యాయంగా ఎంచుకునే, నిజం చెప్పే సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.