వీధికుక్కకు ఇంట్లో చోటు: ధర్మసందేహం

ప్రశ్న: వాహనం ఢీకొని రోడ్డు పక్కన పడి ఉన్న వీధికుక్కకు వైద్యం చేయించి ఒక కుటుంబం ఇంటికి తెచ్చుకుంది. మొదట్లో మంచం కింద నుంచి కదలని ఆ కుక్క ఇప్పుడు ఇంటిల్లిపాదితోనూ కలిసిపోయింది. అయితే కుక్క ఉన్న ఇంట్లో చేసిన పూజకూ దానానికీ ఫలం ఉండదని పెద్దలు అంటున్నారు. ఇది నిజమేనా? పిల్లల దగ్గరకు విదేశం వెళ్లవలసి వస్తే దాన్ని దొరికిన చోటే విడిచిపెట్టవచ్చా?

సమాధానం: కుక్క ఉన్న ఇంటి పుణ్యం నిలవదన్న మాట ఊరికే పుట్టింది కాదు. మహాభారతం మహాప్రస్థానిక పర్వంలో దీనికి మూలం ఉంది. కుక్కలు గలవారికి స్వర్గంలో తావు లేదనీ, వారి యజ్ఞఫలాన్నీ, బావులూ చెరువులూ తవ్వించిన పుణ్యాన్నీ క్రోధవశులనే రాక్షసులు హరిస్తారనీ అక్కడ స్పష్టంగానే ఉంది. పెద్దలు కల్పించి చెప్పడం లేదు. కానీ ఆ మాట ఎవరు ఎవరితో అన్నారో, దానికి వచ్చిన జవాబు ఏమిటో చూడకుండా దాన్నే విధిగా తీసుకుంటే శాస్త్రాన్ని సగం చదివి ఆపినట్టే.

ఆ మాట అన్నది ఇంద్రుడు, విన్నది ధర్మరాజు. హస్తినాపురం విడిచినప్పుడు పాండవులు ఐదుగురు, ద్రౌపది ఆరో మనిషి, వెంట నడిచిన కుక్క ఏడో ప్రాణి. అది ఎవరి కుక్కో, ఏ జాతిదో భారతం చెప్పదు. దారిలో ద్రౌపదీ తమ్ములూ ఒక్కొక్కరే పడిపోయాక చివరికి మిగిలింది అదొక్కటే. ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమన్నప్పుడు, కుక్కను విడిచి రానన్నాడు ధర్మరాజు. అప్పుడు ఇంద్రుడు పైన చెప్పిన శౌచనియమాన్ని వినిపించాడు. ధర్మరాజు దాన్ని తప్పని వాదించలేదు. నమ్మి వెంట వచ్చినదాన్ని విడవడం బ్రహ్మహత్యతో సమానమనీ, భయపడినదాన్నీ దిక్కులేనిదాన్నీ తన ప్రాణం పోయినా వదలననీ మాత్రం చెప్పాడు. స్వర్గం దక్కకపోయినా ఫరవాలేదన్నాడు. ఆ తరువాతే కుక్క రూపం విడిచి ధర్మదేవత ప్రత్యక్షమై, ద్వైతవనంలో యక్షుడిగా ఒకసారి పరీక్షించిన సంగతి గుర్తుచేసి, కొడుకును మెచ్చుకున్నాడు. ఇంద్రుడి వాక్యం పూర్వపక్షం, ధర్మరాజు మాట సిద్ధాంతం. పూర్వపక్షాన్ని పట్టుకుని సిద్ధాంతాన్ని వదిలేయడం తగదు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పవలసి ఉంది. అది ధర్మదేవత గనుక ధర్మరాజు కాపాడాడని చాలామంది అనుకుంటారు. కాపాడే సమయానికి ఆయనకు ఆ సంగతి తెలియదు. తెలియకుండా, మామూలు కుక్క కోసమే స్వర్గాన్ని కాదన్నాడు. ఆ కథ గొప్పతనం అంతా అందులోనే ఉంది.

భారతం మొదట్లోనూ ఒక కుక్క కథ ఉంది. జనమేజయుడి యాగశాల దగ్గరికి వచ్చిన సారమేయుడనే కుక్కపిల్లను రాజు తమ్ములు కొట్టారు. అది హవిస్సు ముట్టలేదు, దాని వంక చూడనూ లేదు. తల్లి సరమ వచ్చి, ఏ తప్పూ చేయనివాణ్ణి కొట్టారు కనుక మీకు అనుకోని భయం కలుగుతుందని శపించింది. అంతటి చక్రవర్తీ కలవరపడి, శాపశాంతి కోసం తగిన పురోహితుణ్ణి వెతుక్కుంటూ వెళ్లాడు. తెలుగువారికి ఈ కథను ఆదిపర్వంలో నన్నయ చెప్పాడు, చివరి కథను తిక్కన చెప్పాడు.

ఇక ఆచారం సంగతి. కుక్క తాకితే స్నానం చెప్పిన స్మృతివాక్యాలు ఉన్నాయి. శ్రాద్ధంలో భోక్తలు భుజించేటప్పుడు కుక్క చూపు పడరాదని మనుస్మృతి మూడో అధ్యాయం చెబుతుంది. కుక్క కరిస్తే చేసుకోవలసిన శుద్ధి పదకొండో అధ్యాయంలో ఉంది. కుక్క కాటుకు మందే లేని కాలం అది. పాశ్చర్ రేబిస్ టీకాను మొదటిసారి మనిషికి వేసింది 1885లో. అయితే వేటలో కుక్క నోట కరిచి పట్టినది శుద్ధమేనని అదే మనుస్మృతి ఐదో అధ్యాయంలో అంటుంది. అంటే అశౌచం ఆయా కర్మలకూ సందర్భాలకూ సంబంధించినదే గాని, ఆ ప్రాణి పుట్టుకకు అంటిన పాపం కాదు.

గృహస్థు రోజూ చేయవలసిన పంచమహాయజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి. వైశ్వదేవం తరువాత కుక్కలకూ కాకులకూ పురుగులకూ అన్నం పెట్టాలని మనువు చెప్పాడు. విసిరేయమనలేదు, నేలమీద మెల్లగా ఉంచమన్నాడు. మన ఇళ్లలో ఇప్పుడు తద్దినం నాడు కాకికి పెట్టే పిండం మిగిలింది, కుక్క వాటా మరుపున పడింది. భాగవతం ఏడో స్కంధంలో నారదుడు ధర్మరాజుకు గృహస్థధర్మం చెబుతూ జంతువులనూ పక్షులనూ కన్నబిడ్డల్లా చూడమంటాడు. తొమ్మిదో స్కంధంలో రంతిదేవుడు నలభై ఎనిమిది రోజులు పస్తుండి, దొరికిన అన్నం తినబోయే వేళ కుక్కలతో వచ్చిన అతిథికి మిగిలిందంతా ఇచ్చి, ఆ కుక్కలకూ వాటి యజమానికీ నమస్కరించాడు. పోతన ఈ కథను తెలుగులో చెప్పాడు. కుక్కకు అన్నం పెట్టిన ఇంటి దానఫలం పోతుందంటే రంతిదేవుడి పుణ్యం ముందు పోవాలి.

కనుక ఆచారం పాటించే ఇంట్లో కుక్కకు హద్దులు పెట్టవచ్చు. పూజగది, వంటగది గడప దాటనీయకపోవడం, మడి కట్టుకున్నవారి దగ్గరికి రానీయకపోవడం, తద్దినం నాడు భోక్తలు లేచేవరకు వేరే గదిలో ఉంచడం సరిపోతాయి. గడప దగ్గర ఆగడం కుక్క కొద్ది వారాల్లో నేర్చుకోగలదు. ఆచారం పేరు చెప్పి రోజంతా ఎండలో గొలుసుకు కట్టి ఉంచడం మాత్రం ఆచారం కాదు, హింస.

చేరదీసినదాన్ని సుఖంగా ఉంచడం కూడా ధర్మంలో భాగమే. దెబ్బతిన్న కుక్క కొత్త ఇంట్లో మొదటి రోజుల్లో మూలలో దాక్కుంటుంది, మనుషులు చూస్తుండగా తినదు, ఎవరైనా చీపురు ఎత్తితే చాలు ముడుచుకుపోతుంది. దాన్ని పొగరనో మొండితనమనో అనుకోరాదు. జంతుసంరక్షణ కేంద్రాలవారు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలని ఒక లెక్క చెబుతారు: భయం తగ్గడానికి రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి వారాలు, ఇది నా ఇల్లన్న నమ్మకం కుదరడానికి నెలలు. కచ్చితమైన నియమం కాకపోయినా ఓపిక పట్టడానికి పనికొస్తుంది. తోక ఊపినంత మాత్రాన సంతోషమని చెప్పలేం, భయంలోనూ కంగారులోనూ కుక్క తోక ఊపుతుంది. నిద్ర చూసి తెలుసుకోవచ్చు. వీధిలో ఎప్పుడైనా లేచి పరుగెత్తేటట్టు ముడుచుకుని పడుకునే కుక్క ఇంట్లో కాళ్లు బారచాపి, కొన్నిసార్లు పొట్ట పైకి పెట్టి నిద్రపోతే అది కుదుటపడినట్టే. కుక్కా యజమానీ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటే ఇద్దరి శరీరంలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని జపాన్ పరిశోధకులు 2015లో ప్రకటించారు. తల్లికీ బిడ్డకూ మధ్య అనుబంధంలో పనిచేసే హార్మోన్ అదే.

వైద్యం విషయంలో అశ్రద్ధ పనికిరాదు. ఏటా రేబిస్ టీకా, నులిపురుగుల మందు, గోమార్ల నివారణ, సంతాన నిరోధక శస్త్రచికిత్స తప్పనిసరి. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూరలు, చాక్లెట్, ద్రాక్ష కుక్కకు విషంతో సమానం. ప్రేమకొద్దీ పెట్టినా అవి హానే చేస్తాయి. తెలియనివి పశువైద్యుణ్ణి అడగాలి. హైదరాబాద్‌లో 1992లో అక్కినేని అమల స్థాపించిన బ్లూక్రాస్ వంటి సంస్థలూ సలహా ఇస్తాయి.

చివరి ప్రశ్నకు జవాబు కూడా ధర్మరాజు మాటల్లోనే ఉంది. తమ్ములనూ భార్యనూ విడిచి వచ్చినవాడివి కుక్కను విడవలేవా అని ఇంద్రుడు అడిగాడు. వాళ్లు చనిపోయారు, బతికించడం నా వల్ల కాలేదు, బతికి ఉండగా నేనెవరినీ విడవలేదు అన్నాడు ధర్మరాజు. ఇంట్లో పెరిగిన కుక్కను తిరిగి వీధిలో దింపడం బతికి ఉన్నదాన్ని విడవడమే. ఇంతలో ఆ వీధి వేరే కుక్కలది అయి ఉంటుంది, తిండి వెతుక్కునే అలవాటూ దీనికి తప్పి ఉంటుంది. శస్త్రచికిత్స తరువాత వీధికుక్కలను పట్టిన చోటే వదలాలని నియమం ఉంది కదా అని కొందరు అంటారు. అది ఆ వీధిలోనే బతుకుతున్న కుక్కల సంగతి, ఇంటి కుక్కకు వర్తించదు. ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం పదకొండో సెక్షన్ ప్రకారం నేరం. ప్రాణికోటిపై దయను పౌరుల ప్రాథమిక విధిగా రాజ్యాంగం 51-ఎ అధికరణ చెబుతోంది.

విదేశం తీసుకువెళ్లదలిస్తే ఏర్పాట్లు నెలల ముందే మొదలుపెట్టాలి. ఉదాహరణకు అమెరికా భారతదేశాన్ని రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల్లో చేర్చింది కనుక మైక్రోచిప్, టీకా ధ్రువపత్రం వంటివి అడుగుతుంది. తీసుకువెళ్లడం సాధ్యం కాకపోతే, దానికి బాగా అలవాటైన బంధువులకో ఇరుగుపొరుగువారికో అప్పగించాలి. ప్రయాణానికి ముందు కొన్ని వారాలు ఆ ఇంటికి అలవాటు చేసి, తిండికీ వైద్యానికీ అయ్యే ఖర్చు బతికినంతకాలం పంపాలి. అంత ఏర్పాటు చేసి వెళ్లినవారికి దోషం లేదు.