కార్యము – లక్ష్యము



కార్యము, లక్ష్యము అను రెండు మాటలను లోకము తరచు ఒకే అర్థమున వాడుచుండును. కాని వాటి నడుమ భేదము కలదు. కార్యమునకు మొదలు, తుది ఉండును. అది ముగిసినదని లెక్క చెప్పవచ్చును. ఆ కార్యము ఎందులకు అను ప్రశ్నకు సమాధానమే లక్ష్యము.

గోదావరి తీరవాసులకు ఇందులకు దృష్టాంతము ముంగిటనే కలదు. 1833 నాటి కఱవుచే చిక్కిన ఈ సీమను ఉద్ధరింపనెంచి, 1847లో సర్ ఆర్థర్ కాటన్ ఆనకట్ట నిర్మాణమునకు పూనుకొనెను. దవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా సాగిన ఆ కట్టడము 1852లో పూర్తియయ్యెను. రాయి కొట్టుట, మోయుట, పేర్చుట కార్యములు. ఆకలిగొన్నవానికి అన్నము దొరకుట లక్ష్యము. గోడ లేచినంతనే అన్నము పండదు. కాలువలు, పిల్లకాలువలు సాగి, శివారు చేనికి నీరందినప్పుడే ఆ రాతికి సార్థకత. పాత ఆనకట్ట చేసిన పనిని నేడు బ్యారేజి చేయుచున్నది. కట్టడము మారినది గాని లక్ష్యము మారలేదు.

నీటికి చెల్లిన ఈ న్యాయము భక్తికిని చెల్లును. పన్నెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమున బసవేశ్వరుడు కాయకమును, దాసోహమును జంటగా బోధించెను. కాయకము చేతి పని; దాసోహము ఆ పనికి దిక్కు చూపునది. ఆ కాలపు శరణులలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ అను దంపతులు కలరు. రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు నిత్యము తెచ్చుదానికంటె అధికముగా తెచ్చెను. లక్కమ్మ సంతసింపలేదు. దాసోహమునకు కావలసినదానికి మించినది ఆశయే యగునని పలికి, మిగులు బియ్యమును తిరిగి అచ్చటనే పోసి రమ్మనెనని శరణుల గాథ. మారయ్య చేతిలో కార్యము పెరిగెను. లక్కమ్మ కంటికి లక్ష్యము తరుగుట కానవచ్చెను. పని పెరిగినంతమాత్రమున గమ్యము దగ్గరపడదని ఆ సాధ్వి ఎఱిగినది.

ఈ ఎఱుక నేటి గృహములకును, మఠములకును అవసరము. విభూతి ధరించి, ఇష్టలింగపూజ ముగించి, వాకిట నిలిచిన ఆకలిగొన్నవానిని మరల్చి పంపినచో కార్యము జరిగినది, లక్ష్యము జరుగలేదు. పంక్తిలో ఎన్ని విస్తళ్లు లేచినవో లెక్కించి, కడపటి పంక్తివాడు తృప్తుడయ్యెనో లేదో చూడకున్నను అంతియే. ఇక లింగైక్యమే తన లక్ష్యమని పలుకుచు, చేతులు కట్టుకొని, పరుల కష్టముపై బ్రదుకువాడు నీరు లేని కాలువ వంటివాడు. కార్యము లేని లక్ష్యము పగటికల. లక్ష్యము లేని కార్యము గానుగెద్దు నడక.

కావున భక్తుడు రాత్రి శయనించుటకు ముందు తన్ను తాను రెండు ప్రశ్నలు వేసికొనవలెను. నేడు ఏమి చేసితిని? అది ఎవరికి చేరినది? మొదటిదానికి బదులు చెప్పుట సులభము. రెండవదానికి బదులు దొరకిన దినముననే శివారు చేనికి నీరందినట్లు.